శుక్రవారం సంతకం

నేను పుంగనూరు శాఖా గ్రంథాలయంలో చేరింది ఫిబ్రవరిలో, ఏప్రిల్ ఆఖరుకల్లా దానికి తాళం పడింది. అంటే లైబ్రేరియన్‌గా నా అనుభవం మొత్తం కలిపి రెండున్నర నెలలు, అందులో సగం ఏ బీరువాకి ఏ తాళంచెవో కనుక్కోవడానికే సరిపోయింది. ఉద్యోగం వచ్చిందని ఎగిరి గంతేసి బెంగళూరు నుంచి రెండు సూట్‌కేసులతో దిగాను, ఎం.బి.టి. రోడ్డు పక్క సందులో మేడ మీద ఒక గది తీసుకున్నాను, వారం వారం ఇంటికి పోవచ్చులే బస్సులో మూడు గంటలే కదా అనుకున్నాను. అటు కర్ణాటకలో లాక్‌డౌన్, ఇటు మనకి మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. అమ్మ ఆ పక్క, నేను ఈ పక్క.

ఆ రెండున్నర నెలల్లో నాకు బాగా తెలిసిన పాఠకులు ఇద్దరే. పొద్దున ఎనిమిదికి నేను తలుపు తీసేసరికే మెట్ల మీద ఉంటారు. ఒకరు మల్లప్ప సార్, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఇంకొకరు గంగులప్ప తాత, ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఒక్క ఏళ్లు చేసినాయన, ఇస్త్రీ చొక్కా, పై జేబులో పెన్ను. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, తంబళ్లపల్లె దగ్గర అక్క కొడుకు ఒకడున్నాడు గానీ వాడు పలకరించేది పండక్కే.

వీళ్లిద్దరికీ కలిపి ఒకటే పేపరు. విడదీసి బయటి షీటు మల్లప్ప సార్, లోపలి షీటు గంగులప్ప తాత. తాతకి జిల్లా పేజీ కావాలి, మదనపల్లె టమాటా రేట్లు కావాలి (ఆయనకి సెంటు పొలం లేదు!). సార్‌కి సంపాదకీయం కావాలి. తన షీటు అయిపోగానే తాత పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొడతాడు, టక్ టక్. బస్సులో కండక్టరు రెండు గంటలు కొడితే పోనీ అని, ఒకటి కొడితే ఆపమని, అదే లెక్క. సార్‌ది కూడా అయిపోయుంటే షీటు ఇటు తోస్తారు, కాకపోతే వేలితో ఒక్కసారి కొడతారు, టక్. ఆగు. అంతే, మాట లేదు పలుకు లేదు, పదకొండేళ్లుగా!

మొదట్లో నేను కంగారుపడి తాతని పక్కకి పిలిచి అడిగాను, మీ ఇద్దరికీ ఏమన్నా గొడవా అని.

"గొడవ యాలమ్మా?" అని ఆయన గోడ వైపు చూపించాడు. "ఆడ బోర్డుండాది గదా, నిశ్శబ్దం అని."

ఇంకో సంగతి చెప్పాలి, మాకు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. వచ్చిన ప్రతి పాఠకుడూ సంతకం పెట్టే రిజిస్టరు ఒకటుంటుంది, నెల మొదట్లోనే నేను స్కేలు పెట్టి తేదీలన్నీ వేసేసి, శుక్రవారాలు వచ్చినచోటల్లా ఎర్ర పెన్నుతో 'సెలవు' అని రాసేస్తాను. ఎంత నీటుగా రాస్తానో! పై ఆఫీసు వాళ్లు చూస్తే మెచ్చుకోవాలని.

సరే, తాళం పడింది. మొదటి వారం బానే ఉంది, పడుకున్నాను, ఫోను చూశాను, మళ్లీ పడుకున్నాను. రెండో వారం ఒక రోజు సాయంత్రం గుర్తొచ్చింది, పొద్దుట్నుంచీ నా గొంతు నేనే వినలేదని. కింద వీధిలో కుక్కలు కూడా లేవు, అవి ఎటు పోయాయో. అంబులెన్సు పోతే అది ఎంతదూరం పోయిందో చెవితో కొలిచేదాన్ని. అమ్మ ఫోను చేస్తే బాగున్నానని చెప్పి, పెట్టేశాక గోడ చూసేదాన్ని.

ఆ మర్నాడు పొద్దున్నే పోయి లైబ్రరీ తలుపు తీశాను, ఎవరూ రాకూడదు గానీ నేను పోవచ్చు కదా. తలుపు కింద నుంచి తోసిన పేపర్లు కట్టలుగా పడున్నాయి, ఎవరూ విప్పనివి. బల్ల మీద దుమ్ము. మెంబర్‌షిప్ ఫారాల ఫైలు తీసుకుని, ఫోను నంబరున్న ప్రతివాళ్లకీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను, ఊరికే ఎలా ఉన్నారని అడుగుదామని.

నేను లైబ్రరీ నుంచి అనగానే ముద్దుకృష్ణ అని ఒకాయన, "పుస్తకం నా దగ్గర లేదు మేడమ్, దేవుని తోడు, మా బామ్మర్ది తీసకపోయినాడు!" అన్నాడు. అసలు ఏ పుస్తకమో కూడా నాకు తెలీదు! ఇంకొకామె రాంగ్ నంబరని పెట్టేసింది. పద్నాలుగు మందికి చేస్తే పది మంది భయపడ్డారు, ఇద్దరు ఎత్తలేదు. మిగిలింది మళ్లీ వీళ్లిద్దరే.

మల్లప్ప సార్ ఊళ్లో లేరు. మనవరాలికి పేరుపెడుతున్నారని కుప్పంలో కూతురింటికి పోయి అక్కడే ఇరుక్కుపోయారు. "ఇంటినిండా మనుషులే ఉండారు పాపా, అందరూ ఫోన్లల్లోనే ఉండారు. నేను మిద్దెమీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చోనుండాను," అని, మళ్లీ, "నా షీటు ఇప్పుడు ఎవురు సదవతాండారు?" అన్నారు.

ఆ ఒక్క మాటకి నాకు ఐడియా వచ్చింది. ఎనిమిదికి తాతకి చేస్తాను, సార్‌కి చేస్తాను, రెండు కాల్స్ కలుపుతాను, పేపరు నేను చదువుతాను! ముందు ఎవరి షీటు చదవాలనేది మీరే తేల్చుకోండి అన్నాను.

మొదటి రోజు కలిపాక అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. బోర్డు లేకపోయినా అలవాటు కదా. తర్వాత సార్ గొంతు సవరించుకుని, "ఏమప్పా గంగులప్పా, నీ గొంతు ఇట్లుంటాదా? ఇన్నేండ్లూ ఇంకో మాదిరి అనుకొంటిని."

"యా మాదిరి?"

"సన్నంగా ఉంటాదని."

"ముప్పై ఒక్క ఏండ్లు టికెట్ టికెట్ అని అరిస్తే సన్నగా యాడుంటాదప్పా! నీ గొంతు మాత్రం నేననుకున్నట్లే ఉండాది, స్టాంపు అంటించినట్లు."

నేను నవ్వాపుకోలేక ఫోను దూరం పెట్టాను. అంత గట్టిగా నవ్వి ఎన్ని రోజులైందో.

అప్పట్నుంచి రోజూ ఎనిమిది నుంచి పదకొండు, లైబ్రరీ టైము ఎంతో అంత. రిజిస్టరులో ఇద్దరి పేర్లూ నేనే రాసి పక్కన 'ఫోనులో' అని రాసేదాన్ని. నేను ముందు జిల్లా పేజీ చదువుతాను, అది అయ్యాక ఫోను మీద టక్ టక్ అని తాత గోటితో కొడతాడు, అప్పుడు సార్ షీటు. ఎంతమంది పోయారనే లెక్క మాత్రం చదవొద్దని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఆ ముక్క వదిలేసి పక్క వార్తకి దూకేదాన్ని, కొన్ని రోజులు దూకడానికి చోటు కూడా దొరికేది కాదు. వాళ్ల కోసం చదువుతున్నానని అమ్మకి గొప్పగా చెప్పాను. నిజం ఏమిటంటే పదకొండయ్యాక పెట్టేయబుద్ధయ్యేది కాదు, ఆ తర్వాత మర్నాడు ఎనిమిది దాకా ఇంక నాకెవరూ లేరు.

ఒక గురువారం తాత దగ్గాడు. జిల్లా పేజీ మధ్యలో రెండుసార్లు, టమాటా రేట్ల దగ్గర ఇంకోసారి.

"ఏమప్పా దగ్గు?" అన్నారు సార్.

"దుమ్ము లేప్పా. పెట్టె సర్దినా."

పెట్టేసే ముందు నేను, "తాతా, రేపొకసారి ఫోను చేయనా?" అని నోటి దాకా వచ్చి, ఎదురుగా రిజిస్టరులో ఎర్ర అక్షరాలు కనబడి, "అయ్యో, రేపు శుక్రవారం కదా, సెలవు," అన్నాను. నిజంగా అలాగే అన్నాను. లైబ్రరీ నెలరోజులుగా మూసే ఉంది, అయినా దానికి వారంలో ఒక రోజు సెలవిచ్చేదాన్ని! అందరు లైబ్రేరియన్లకీ శుక్రవారం సెలవే, నాకూ అంతే, అదొక రూలు, మొదటి ఉద్యోగం, రూలంటే నాకు అంత ఇష్టం.

"సెలవంటే సెలవే పాపా," అన్నాడు తాత. "నా సర్వీసులో వీక్లీ ఆఫ్ నాడు డిపో నుంచి మనిషొస్తే ఇంట్లో లేనని సెప్పించేవాణ్ణి. డ్యూటీ చేసేవాళ్లని సెలవునాడు లేపకూడదు. సరే, రైట్ రైట్."

శుక్రవారం నేను తలస్నానం చేశాను, బట్టలు ఉతుక్కున్నాను, మధ్యాహ్నం దాకా పడుకున్నాను.

శనివారం ఎనిమిదికి చేస్తే స్విచ్ ఆఫ్. సార్‌కి కలిపాను. "ఇంకోసారి సూడు," అన్నారు. స్విచ్ ఆఫ్. ఎనిమిదింబావుకి స్విచ్ ఆఫ్. సార్ "పదకొండేండ్లల్లో ఆయప్ప ఒక్క దినమూ లేటు రాలా పాపా," అన్నారు. నేను చెప్పులు ఏవి వేసుకున్నానో కూడా తెలీదు, మెంబర్‌షిప్ ఫారం మీదున్న అడ్రసు పట్టుకుని పరుగెత్తాను.

బస్టాండు వెనక సందులో ఆయన ఇల్లు, ఒక గది, ముందు రెండు మెట్లు. తలుపుకి తాళం. పక్కింటి గోవిందమ్మ అని ఒకావిడ కొంగు మూతికి కట్టుకుని బయటికొచ్చింది.

"నువ్వేనా ఆ పేపర్ సదివే పాప?" అంది. "నిన్న సాయంత్రం ఆయాసమొచ్చె. నేనే నూటెనిమిదికి చేయించినా. మదనపల్లెకి తీసకపోతాండామన్నారు. కూడా ఎవురినీ రానీలా."

"నా నంబరు ఆయన దగ్గరుంది కదమ్మా, నాకు ఎందుకు చేయలేదు?"

"నేనూ అదే అంటిని. సెలవునాడు ఆ పాపని లేపొద్దనె." ఆవిడ మెట్ల వైపు చూసింది. "నిన్న పొద్దున ఎనిమిదికి ఈడ్నే కూర్చోనుండె, స్నానం చేసి, సొక్కా వేసుకోని, ఫోను చేతిలో పెట్టుకోని. ఈపొద్దు శుక్రవారం గదప్పా, ఆ పాప చెయ్యదు గదా అంటే, 'తెలుసు లేమ్మా, ఊరికే కూర్చోనుండా' అనె. పదకొండుదాకా కూర్చోనుండె."

నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను. పదకొండు దాకా! నేను అప్పుడు మేడ మీద ఫ్యాను కింద కళ్లు మూసుకుని ఉన్నాను, మధ్యలో నాలుగు సందులు.

గోవిందమ్మకి తాళంచెవి ఇచ్చి పోయాడట. లోపల అన్నీ సర్దినట్టే ఉన్నాయి, మంచం, ట్రంకుపెట్టె, గోడకి క్యాలెండరు. స్విచ్ బోర్డుకి ఛార్జరు వేలాడుతోంది. సన్నపిన్ను ఛార్జరు, పాత బటన్ల ఫోనుది, ఇప్పుడెవరి దగ్గరా ఉండదు. అక్కడ వార్డులో ఎవరినడిగినా దొరకదు. ఎవరూ లేని మనిషి, ఫోను కూడా చచ్చిపోయింది. ఆయన మెట్ల మీద ఎదురుచూసినట్టే ఆ మంచం మీద కూడా ఎదురుచూస్తున్నాడేమో, ఎలాగైనా ఈ ఛార్జరు ఆయన చేతికి చేరాలి. నాకు ఇంకేమీ తోచలేదు.

అప్పటికే తొమ్మిదిన్నర, ఇప్పుడు బస్సెక్కితే పన్నెండులోపు వెనక్కి రాలేను. గోవిందమ్మ తమ్ముడి కొడుకు మధుసూదన్ టెంపో నడుపుతాడు, పొద్దున అయిదుకి మదనపల్లె మార్కెట్‌కి టమాటా వేసుకుని పోతాడు. ఆదివారం నేను అతని పక్కన కూర్చున్నాను, ఒళ్లో రిజిస్టరు, ఛార్జరు, ఆ రోజు పేపరు.

"రిజిస్టరు యాలక్కా?" అన్నాడు.

"ఏమో, తెచ్చాను," అన్నాను. నిజంగానే నాకు తెలీదు.

ఊరు దాటగానే చెక్‌పోస్టులో కానిస్టేబుల్ ఆపాడు. టమాటాకి పర్మిషనుంది, నాకు లేదు.

"ఎక్కడికమ్మా?"

"ఆస్పత్రికి సార్, ఒకాయన్ని చూడాలి."

"ఏమవుతాడు నీకు?"

నేను తాత అని చెప్పి ఉండొచ్చు, అందరూ చెప్పేది అదే కదా. కంగారులో, "పాఠకుడు సార్," అన్నాను.

"ఏంది?"

"లైబ్రరీకి వస్తాడు సార్, రోజూ."

"లైబ్రరీకొస్తే సుట్టమయిపోతాడా?" అన్నాడు. నేను రిజిస్టరు తెరిచి చూపించాను. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, ప్రతి పేజీలో పైనుంచి రెండో సంతకం, వంకరగా, గంగులప్ప, గంగులప్ప, గంగులప్ప. కానిస్టేబుల్ టార్చి వేసి మూడు పేజీలు తిప్పాడు. మూసి ఇచ్చేస్తూ, "ఆ మాస్కు పైకి లాక్కో," అని చెయ్యి ఊపాడు.

ఆస్పత్రి గేటు దగ్గర జనం, ప్రతివాళ్ల చేతిలో ఒక కవరు, మీద పెన్నుతో పేరు. అందరూ ఒకే తలుపు చూస్తున్నారు. లోపలికి పోనివ్వరు, పేపరు తీసుకోరు, ఛార్జరు తీసుకుంటారు. రాణి అని ఒక నర్సు, పై నుంచి కింద దాకా ప్లాస్టిక్ గౌను, కళ్లు మాత్రం కనబడుతున్నాయి, కవరు మీద పేరు చదివి, "బెడ్ ఇరవై రెండు. ఆక్సిజన్ మీదున్నాడు. మాట్లాడకూడదు," అంది.

"మాట్లాడొద్దు మేడమ్, ఫోను చెవి దగ్గర పెడితే చాలు."

ఆమె కవరు పట్టుకుని లోపలికి పోయింది.

నేను ఎదురు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. ఎనిమిది. స్విచ్ ఆఫ్. సార్ కుప్పంలో మిద్దె మీద నుంచి అయిదు నిమిషాలకోసారి చేస్తున్నారు. ఎనిమిదిన్నర, స్విచ్ ఆఫ్. తొమ్మిది, స్విచ్ ఆఫ్. తొమ్మిదీ పదికి రింగయింది.

రింగయి, ఎత్తారు. ఏదో యంత్రం బుస్సుమంటున్న చప్పుడు, అంతే.

"తాతా! నేను స్వర్ణని, లైబ్రరీ. మీరు మాట్లాడొద్దు. సార్ లైన్లో ఉన్నారు." నేను చాలా వేగంగా మాట్లాడేస్తున్నాను, లైను ఎక్కడ తెగిపోతుందో అని. "పేపరు తెచ్చాను, జిల్లా పేజీ. చదవనా?"

బుస్సు. బుస్సు. మల్లప్ప సార్ ఊపిరి కూడా వినబడుతోంది నాకు.

టక్ టక్.

చాలా మెల్లగా, గోటితో. పోనీ అని.

సార్ కుప్పంలో ఏడ్చేశారు. నేను చదవడం మొదలుపెట్టాను, టమాటా రేట్లు, బైరెడ్డిపల్లెలో వర్షం, గంగవరం దగ్గర చిరుతపులి వచ్చిందని పుకారు. నా పక్కన కవరు పట్టుకుని నిలబడ్డ ఒకావిడ దగ్గరికి జరిగి వింటోంది. జిల్లా పేజీ అయ్యాక ఆగాను. టక్, అని ఒక్కటే వినబడింది. ఆగు. అలిసిపోయాడు.

"నా షీటు రేప్పొద్దున సదువుకోవచ్చులే," అన్నారు సార్.

తర్వాత నాలుగు రోజులు పుంగనూరులో నా గది నుంచే చేశాను. ఒక రోజు రింగయి రింగయి ఆగిపోయింది, ఆ రోజు నేను అన్నం వండుకోలేదు. సాయంత్రం రాణి చేసింది, పొద్దున డాక్టరు రౌండు ఉండిందని, ఇప్పుడు చదవమని. గురువారం రాత్రి అలారం పెట్టుకున్నాను, అవసరం లేకపోయినా.

శుక్రవారం, ఎనిమిది.

ఎత్తగానే మాస్కు తీస్తున్న చప్పుడు, రాణి వద్దంటున్న చప్పుడు. తర్వాత గంగులప్ప తాత గొంతు, నాకు తెలిసిన గొంతులో పావువంతు కూడా లేదు, నిజంగానే సన్నంగా ఉంది. "పాపా... ఈపొద్దు శుక్రవారం గదా. నీకు సెలవు గదా."

"లేదు తాతా. తెరిచే ఉంది."

"రూలొప్పుకోదు..."

"మాట్లాడొద్దు మీరు!" అని నేనూ సార్ ఒకేసారి అరిచాం.

ఆ రోజు నేను రిజిస్టరు తీసి, అంత నీటుగా రాసుకున్న ఎర్ర 'సెలవు' మీద అడ్డంగా గీత కొట్టాను. కింద రెండు పేర్లు రాశాను. వెనక్కి పేజీలు తిప్పి, ముందు వారం శుక్రవారం దగ్గర కూడా గీత కొట్టబోయి ఆగాను. ఆ రోజు ఆయన వచ్చాడు, నేనే రాలేదు. గంగులప్ప అని ఒక్క పేరే రాసి, పక్కన మెట్ల మీద అని రాసి, మూసేశాను.

పందొమ్మిది రోజులకి ఆయన ఇంటికొచ్చాడు, సగం మనిషి. జూలైలో లైబ్రరీ తెరిచారు. మొదటి రోజు ఎనిమిదికి మెట్ల మీద ఆయనొక్కడే, ఇస్త్రీ చొక్కాలో భుజాలు జారిపోతున్నాయి. మల్లప్ప సార్‌ని కూతురు ఇంక పంపనంది, ఈ వయసులో ఒక్కడివే ఎందుకని. కుప్పంలో కూడా లైబ్రరీ ఉందట, పోయి చూశారట, "ఈడ పేపర్ విడదీయరు పాపా, ఒకడే పట్టుకోని కూర్చుంటాడు," అని ఫోనులో బాధపడ్డారు.

మా దగ్గర మాత్రం నేను ఇప్పటికీ విడదీస్తాను. తాత లోపలి షీటు చదివి, పెన్నుతో బల్ల మీద కొడతాడు, టక్ టక్. ఎదురుగా ఎవరూ లేరు. కాసేపు ఆగి, లేచి, తనే చెయ్యి చాచి బయటి షీటు తీసుకుంటాడు. నేను కౌంటరు దగ్గర తల ఎత్తను. బోర్డుంది కదా, నిశ్శబ్దం అని.

మొన్న శుక్రవారం నాకు సెలవు. గదిలో మంచం మీద కూర్చున్నాను, బట్టలు నానబెట్టాలి, లేవాలనిపించలేదు, కింద వీధిలో బండ్లన్నీ మళ్లీ తిరుగుతున్నాయి, అన్నీ ఎవరి ఇంటికో పోతున్నాయి. సరిగ్గా ఎనిమిదికి ఫోను మోగింది. గంగులప్ప తాత! నాకు ఆయన ఎప్పుడూ చేయలేదు, ఒక్కసారి కూడా, ఎప్పుడూ నేనే చేసేది. 

"తాతా, ఏమైంది? ఆయాసమా?"

"ఏమీ లేదు పాపా." పక్కన గోవిందమ్మ ఎవర్నో తిడుతున్నట్టు వినబడుతోంది, అంటే మెట్ల మీదే ఉన్నాడు. "ఊరికే కూర్చోనుండా. సెలవునాడు లేపినానేమో."

"లేపలేదు తాతా," అన్నాను. "నేనూ ఊరికే కూర్చున్నా."

బట్టలని పక్కకి తోసి, గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"సార్‌ని కలపనా?" అన్నాను.

టక్ టక్.